‘మ్యాథ్స్ రాదు’ అనే ముందు ఆ మాటకు అర్థం తెలుసుకుందాం



మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మ తన కొడుకుతో కలిసి నా టేబుల్ దగ్గరికి వచ్చారు. బాబు ఎనిమిదో తరగతి. నేను చెప్పేది ఇంగ్లీష్. అందులో మార్కులు బాగానే ఉన్నాయి. ప్రోగ్రెస్ కార్డు మీద ఆమె వేలు మాత్రం మ్యాథ్స్ దగ్గర ఆగిపోయింది. “వీడికి మ్యాథ్స్ రాదండీ. నాకూ రాదు. మా పుట్టింట్లో ఎవరికీ రాదు. అన్నీ మా పోలికలే వచ్చాయి వీడికి” అన్నారు. కోపంగా ఏమీ కాదు, నవ్వుతూనే అన్నారు. బాబు కూడా నవ్వాడు. తలమీది మూట దించుకున్నట్టు తేలికపడింది వాడి ముఖం. వంశంలోనే లేనప్పుడు ఇక కష్టపడటం ఎందుకు?

వాడి చేతిలో మ్యాథ్స్ నోట్‌బుక్ ఉంది. దాని లేబుల్ మీద సబ్జెక్టు పేరు తప్పు రాశాడు. మధ్యలో ‘ఈ’ అక్షరం ఉండాల్సిన చోట ‘ఏ’ ఉంది. ఇంగ్లీష్ టీచర్ని కదా, నా కన్ను అక్కడికే పోయింది. “రేపు క్లాసులో ఈ స్పెల్లింగ్ చూద్దాం నాన్నా” అని పంపించాను. ఆ రాత్రి ఆ పదం పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ కూర్చున్నాను. స్పెల్లింగ్ కోసం మొదలుపెడితే, ఆ అమ్మకు నేను అక్కడికక్కడే చెప్పాల్సిన జవాబు ఆ పదంలోనే దొరికింది.

నిజం చెప్పాలంటే ఆ జవాబు నాకూ అవసరమే. పదో తరగతి అయ్యాక మ్యాథ్స్ భయంతోనే ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నదాన్ని నేను. అందుకే ఈ నెల పేజీ ఆ ఒక్క పదానికి ఇస్తున్నాను.

పదాన్ని విడదీస్తే

ప్రాచీన గ్రీకు భాషలో ‘మంథానైన్’ అని ఒక క్రియ ఉంది. అర్థం: నేర్చుకోవడం. దాని నుంచి ‘మథేమా’ అనే నామవాచకం వచ్చింది. అర్థం: నేర్చుకున్నది, పాఠం. దానికి సంబంధించినది ‘మథేమాటికోస్’. ఈ మాటను లాటిన్ వాళ్లు తీసుకుని ‘మాథమాటికా’ అన్నారు. లాటిన్ నుంచి ఫ్రెంచికి, అక్కడి నుంచి ఇంగ్లీష్‌కు చేరి అది ‘మ్యాథమెటిక్స్’ అయింది.

గమనించారా? ఈ పదంలో అంకె లేదు, లెక్క లేదు, కూడికా తీసివేతా లేవు. ఉన్నది ‘నేర్చుకోవడం’ ఒక్కటే. ఈ రోజుకీ గ్రీసు దేశంలో బడి పిల్లలు చరిత్ర పాఠాన్నైనా, భాషా పాఠాన్నైనా ‘మాథిమా’ అనే అంటారు. విద్యార్థిని ‘మాథిటిస్’ అంటారు, అంటే నేర్చుకునేవాడు. రెండూ అదే మూలం.

ఇంగ్లీష్‌లో దీనికి చుట్టాలు మరికొన్ని ఉన్నాయి. ‘పాలీమ్యాథ్’ అంటే అనేక విద్యలు నేర్చినవాడు. ‘పాలీ’ అంటే అనేకం. ‘ఆప్సిమ్యాథ్’ అని ఇంకో పదం ఉంది. ‘ఆప్సి’ అంటే ఆలస్యంగా. వయసు మీద పడ్డాక చదువు మొదలుపెట్టినవాడు అని అర్థం. ఈ రెండో పదాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో మనకు పని ఉంది.

ఇప్పుడు స్పెల్లింగ్ సంగతి. గ్రీకు ‘మథేమా’లో ‘థే’ అని దీర్ఘం ఉంది కదా, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో మధ్యలో వచ్చే ‘ఈ’ అక్షరం అదే. మూలం తెలిసిన పిల్లలు అక్కడ ‘ఏ’ రాయరు. చివరి ‘ఎస్’ కథ కూడా చిన్నదే. గ్రీకులో శాస్త్రాల పేర్లను బహువచనంలో చెప్పే అలవాటు ఉండేది: ‘ఈ విద్యకు చెందిన విషయాలు’ అన్నట్టు. ఇంగ్లీష్ వాళ్లు మొదట్లో ‘ఎస్’ లేకుండానే రాశారు. 16వ శతాబ్దపు చివరి నుంచి ‘ఎస్’ చేరింది. ఫిజిక్స్, ఎకనామిక్స్, పాలిటిక్స్‌లో ఉన్నదీ ఇదే ‘ఎస్’. అయినా అది ఒకే సబ్జెక్టు కాబట్టి వాక్యంలో ఏకవచనమే: ‘మ్యాథమెటిక్స్ ఈజ్’ అనాలి, ‘ఆర్’ అనకూడదు. పరీక్షలో అరమార్కు పోయే చోటు ఇది.

ప్రతి పాఠమూ ‘మథేమా’నే అయితే, అంకెలకే ఆ పేరు ఎందుకు?

ఇదే నన్ను కూర్చోబెట్టిన ప్రశ్న. చరిత్ర కూడా నేర్చుకునేదే, వంట కూడా నేర్చుకునేదే. మరి ఈ ఒక్క సబ్జెక్టుకే ‘నేర్చుకునేది’ అనే పేరు ఎలా స్థిరపడింది?

ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథంలో, రాజ్యాన్ని నడపబోయేవాళ్లు ముందుగా నేర్వాల్సిన విద్యలను వరసగా చెప్పాడు: అంకగణితం, రేఖాగణితం, ఘనాకారాల గణితం, ఖగోళం, సంగీతంలోని స్వరాల నిష్పత్తులు. అవును, సంగీతం కూడా. తీగ పొడవును సగానికి తగ్గిస్తే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుందని గ్రీకులకు తెలుసు. అందుకని స్వరశాస్త్రం వాళ్లకు గణితంలో భాగమే. చాలా కాలం తర్వాత, 6వ శతాబ్దపు ఆరంభంలో రోమన్ పండితుడు బోయీథియస్ ఇలాంటి నాలుగు విద్యలను కలిపి లాటిన్‌లో నాలుగు దారుల కూడలి అని పేరు పెట్టాడు. ‘క్వాడ్రివియం’ అని ఇప్పుడు మనం చదివేది అదే. మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాల్లో పిల్లలు ఆ కూడలి దాటాకే తత్వశాస్త్రంలోకి వెళ్లేవారు.

ఇక ఆ పేరు ఎందుకు వచ్చిందనే దానికి అరిస్టాటిల్ సంప్రదాయం వాళ్లు చెప్పిన కారణం ఒకటి పాత గ్రీకు రచనల్లో మిగిలి ఉంది. వాళ్ల మాటల సారాంశం ఇది: ఉపన్యాసాన్ని, కవిత్వాన్ని, మామూలు జనం పాడుకునే పాటను ఎవరూ పాఠం చెప్పకపోయినా వింటూ వింటూ అర్థం చేసుకోవచ్చు. కానీ ఈ విద్యలు ఎవరికీ ఊరికే రావు, ముందు కూర్చుని నేర్చుకున్నవాడికే వస్తాయి. అందుకే వీటికి ‘నేర్చుకునేవి’ అని పేరు.

ఈ వివరణ చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మనం ఇళ్లలో దీనికి సరిగ్గా తలకిందులుగా మాట్లాడుతున్నాం కదా! “తెలుగు, సోషల్ అయితే చదివితే వస్తాయి, మ్యాథ్స్‌కు మాత్రం పుట్టుకతో బుర్ర ఉండాలి” అంటున్నాం. ఆ సబ్జెక్టుకు పేరు పెట్టినవాళ్లు మాత్రం ఇది ఎవరికీ పుట్టుకతో రాదు, అందరూ నేర్చుకోవాల్సిందే అన్నారు. పిల్లల్లో వేగం తేడాలు లేవని నేను అనడం లేదు. ఒకరికి ఒక్కసారి చెబితే చాలు, ఇంకొకరికి నాలుగుసార్లు చెప్పాలి. కానీ నాలుగుసార్లు పట్టడానికీ, రాకపోవడానికీ చాలా తేడా ఉంది.

మన తెలుగు మాట ‘గణితం’ వేరే వైపు నుంచి వచ్చింది. సంస్కృతంలో ‘గణ్’ అంటే లెక్కించడం. గణితం అంటే లెక్కించినది. ఇక మన ‘లెక్క’ సంగతి చెప్పక్కర్లేదు. పాలవాడి లెక్క, చీటీల లెక్క, “వాడు నన్ను లెక్క చేయడు” అనే మాట, అన్నిట్లోనూ ఉన్నది అదే. మన మాట చేసే పనిని చెబుతుంది, గ్రీకు మాట ఆ పనికి వచ్చే దారిని చెబుతుంది. పిల్లవాడికి రెండూ తెలిస్తే మంచిది.

వినేవాళ్లు, నేర్చుకునేవాళ్లు

పైథాగరస్ పేరు వినని పిల్లలు ఉండరు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో దక్షిణ ఇటలీలోని క్రోటన్ అనే గ్రీకు నగరంలో ఆయన చుట్టూ ఒక శిష్యబృందం ఏర్పడింది. ఆ బృందంలో రెండు రకాల శిష్యులు ఉండేవారని తర్వాతి కాలపు రచయితలు పోర్ఫిరీ, ఇయాంబ్లికస్ రాశారు.

మొదటి రకం ‘అకూస్మాటికోయ్’, అంటే వినేవాళ్లు. గ్రీకులో వినడం అనే క్రియ నుంచి వచ్చిన మాట ఇది. మన ‘అకూస్టిక్స్’ కూడా అక్కడిదే. గురువు చెప్పిన సూత్రాలను వీళ్లు విని కంఠస్థం చేసేవాళ్లు. బీన్స్ తినకు, నిప్పును కత్తితో కదపకు, ఇలా ఉండేవి ఆ సూత్రాలు. ఎందుకు అన్నది వాళ్లకు అందేది కాదు. రెండో రకం ‘మథేమాటికోయ్’, అంటే నేర్చుకునేవాళ్లు. విషయాన్ని వివరంగా, కారణాలతో సహా తెలుసుకున్నవాళ్లు వీళ్లు.

చూడండి, ‘మ్యాథమెటికల్’ అనే మాట మనుషులకు వాడినప్పుడు దాని అర్థం ‘ఎందుకో తెలిసినవాడు’ అని. సూత్రం మాత్రమే తెలిసినవాడికి వేరే పేరు ఉంది.

నేను బడిలో ఉన్నప్పుడు ఖచ్చితంగా మొదటి రకమే. ‘ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఏ స్క్వేర్ ప్లస్ టూ ఏబీ ప్లస్ బీ స్క్వేర్’ అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ ‘టూ ఏబీ’ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలియదు. అడిగితే, “అది ఫార్ములా, అంతే” అన్నారు. అందుకే పరీక్ష కంగారులో అది మర్చిపోతే వెతుక్కోవడానికి నాకు ఇంకో దారి లేకపోయింది. ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఎక్కువగా తప్పు చేసేది అక్కడే అని మా మ్యాథ్స్ టీచర్లు చెబుతుంటారు. ‘టూ ఏబీ’ని వదిలేసి ఏ స్క్వేర్, బీ స్క్వేర్ కలిపేసి వచ్చేస్తారు.

ఒక గళ్ల కాగితం తీసుకోండి. 13 గళ్ల పొడవు, 13 గళ్ల వెడల్పు ఉండే చదరం గీయండి. 13ను 10, 3గా విడదీసి అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీయండి. చదరం నాలుగు ముక్కలైంది. ఒకటి 10 పదుల పెద్ద చదరం, అందులో 100 గళ్లు. ఒకటి 3 మూళ్ల చిన్న చదరం, 9 గళ్లు. ఇంకా రెండు దీర్ఘచతురస్రాలు మిగిలాయి, ఒక్కోదానిలో 10 మూళ్ల 30 గళ్లు. ఆ రెండే ‘టూ ఏబీ’. మొత్తం 100, 30, 30, 9 కలిపితే 169. పిల్లవాడు 100, 9 మాత్రమే కలిపి 109 అంటే, 60 గళ్లను కాగితం మీదే వదిలేసి వచ్చాడన్నమాట. ఆ 60 గళ్లకు రంగు వేయమనండి. ఆ తర్వాత వాటిని మర్చిపోవడం కష్టం.

ఇది నేను కనిపెట్టింది కాదు. సుమారు క్రీ.పూ. 300 నాటి యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ రెండో పుస్తకంలో నాలుగో ప్రతిపాదనగా ఇచ్చింది ఈ బొమ్మనే. అప్పటికి ఏ, బీ అక్షరాలతో రాసే బీజగణితం లేదు. బొమ్మే ఫార్ములా.

బట్టీ పట్టడం దండగ అని మాత్రం అనుకోకండి. ఎక్కాలు నోటికి రావాల్సిందే. ఏడెనిమిదులు ఎంత అని ప్రతిసారీ వేళ్లు మడుచుకుంటూ కూర్చుంటే అసలు లెక్క దాకా పిల్లవాడు వెళ్లలేడు. ఎక్కం నోటికి వచ్చాక, కారణం కూడా తెలియాలి. వినడం మొదటి మెట్టు, నేర్చుకోవడం రెండోది. మొదటి మెట్టు మీదే నిలబెట్టేసి, పైకి రాలేదేమని పిల్లవాణ్ని అడగడం న్యాయం కాదు. స్లిప్ టెస్టు తర్వాత స్లిప్ టెస్టు పెట్టే హడావుడిలో మేం టీచర్లం కూడా ఒక్కోసారి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం. మీ పిల్లలు ఫార్ములా చెప్పి కారణం చెప్పలేకపోతే డైరీలో రాసి పంపండి. అది ఫిర్యాదు అనుకోం, మాకు సాయమే.

రోములో ఈ మాట జాతకం చెప్పింది

గ్రీకు మాట రోముకు వెళ్లాక ఒక విచిత్రం జరిగింది. లాటిన్‌లో ‘మాథమాటికుస్’ అంటే చాలామందికి జ్యోతిష్కుడు అనే అర్థమే తోచేది. గ్రహాల స్థానాలు గుణించేవాడు అతనే కాబట్టి. టైబీరియస్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 16లో, ఈ ‘మాథమాటికీ’లను ఇటలీ నుంచి వెళ్లగొట్టాలని రోమన్ సెనేట్ తీర్మానం చేసిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. వెళ్లగొట్టింది లెక్కల మాస్టార్లను కాదు, జాతకాలు చెప్పేవాళ్లను. మన దగ్గరా అంతే, సంస్కృతంలో ‘గణకుడు’ అంటే లెక్కించేవాడు, జ్యోతిష్కుడు కూడా.

ఈ సంగతి చదివినప్పుడు ఆ మీటింగ్ రోజు మాట గుర్తుకొచ్చింది. పదమూడేళ్ల పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని “వీడికి మ్యాథ్స్ రాదు” అనడం కూడా జాతకం చెప్పడమే కదా. పైగా చెప్పేది అమ్మో నాన్నో కాబట్టి పిల్లవాడు నూటికి నూరుపాళ్లు నమ్మేస్తాడు.

పలక మీద గీతలు, సోక్రటీస్ ప్రశ్నలు

“సరే టీచర్, కారణం అడగమంటున్నారు. మాకే తెలియనప్పుడు ఏం అడుగుతాం?” అని మీరు అనొచ్చు. దీనికి ప్లేటో రాసిన ‘మెనో’ అనే సంభాషణలో ఒక మంచి ఉదాహరణ ఉంది.

మెనో అనే పెద్దమనిషి ఇంట్లో పనిచేసే బానిస కుర్రవాడు ఒకడు. గణితం చదివినవాడు కాదు. సోక్రటీస్ నేల మీద ఒక చదరం గీస్తాడు. ఒక్కో భుజం 2 అడుగులు, వైశాల్యం 4 చదరపు అడుగులు. దీనికి రెట్టింపు, అంటే 8 చదరపు అడుగులు ఉండే చదరం కావాలంటే భుజం ఎంత ఉండాలి అని అడుగుతాడు. కుర్రవాడు ఠక్కున, భుజం కూడా రెట్టింపు, 4 అడుగులు అంటాడు. సోక్రటీస్ తప్పు అనడు. గీసి చూపిస్తాడు. 16 అవుతుంది. అయితే 3 అడుగులు అంటాడు కుర్రవాడు. గీస్తే 9 అవుతుంది. అప్పుడు వాడు నాకు తెలియదు అని ఒప్పుకుంటాడు. సోక్రటీస్ మెనో వైపు తిరిగి, వీడు ముందుకన్నా ఇప్పుడే మెరుగైన చోట ఉన్నాడు అంటాడు. ఇందాక తెలియకపోయినా తెలుసనుకున్నాడు, ఇప్పుడు తెలియదని తెలిసింది, ఇక వెతుకుతాడు అని ఆయన వాదన. చివరికి చదరంలో మూల నుంచి మూలకు గీసిన కర్ణమే కొత్త చదరానికి భుజం అని ఆ కుర్రవాడి నోటి నుంచే వస్తుంది. ప్లేటో దీన్నుంచి ఆత్మ గురించి పెద్ద తత్వమే చెప్పాడు. మనకు కావాల్సింది ఆ అడిగే తీరు.

రెండు తప్పు జవాబులు వచ్చాయి. అరుపు లేదు, “ఇంత చిన్న విషయం తెలియదా” అనే మాట లేదు. ప్రతి తప్పునూ గీసి చూశారు, అంతే.

దీన్ని మీరు ఇంట్లో కాగితంతో చేయొచ్చు. చదరంగా కత్తిరించిన కాగితం తీసుకోండి. నాలుగు మూలలనూ మధ్య బిందువు దగ్గరికి మడవండి. చిన్న చదరం వస్తుంది. ఇది పాతదానిలో ఎంత భాగం అని అడగండి. జవాబు చెప్పకండి. పిల్లలు కాసేపు తిప్పి చూసి, అంతటా రెండు పొరలు ఉన్నాయని గమనిస్తారు. రెండు పొరలుంటే సగమే కదా. ఇప్పుడు చిన్న చదరం కర్ణాన్ని కొలిచి, పెద్ద చదరం భుజంతో పోల్చమనండి. రెండూ ఒకటే. సోక్రటీస్ నేల మీద చూపించింది మీ డైనింగ్ టేబుల్ మీద కనిపిస్తుంది.

మ్యాథ్స్ పుస్తకంలోని మిగతా పేర్లు

పిల్లలు భయపడే చాప్టర్ల పేర్లు కూడా విప్పి చూస్తే మామూలు మాటలే. వారానికి ఒకటి చొప్పున భోజనాల దగ్గర చెప్పండి.

అరిథ్మెటిక్: గ్రీకులో ‘అరిథ్మోస్’ అంటే సంఖ్య. సంఖ్యల విద్య అని అర్థం.

జామెట్రీ: ‘గే’ అంటే భూమి, ‘మెట్రాన్’ అంటే కొలత. నైలు నది వరదకు పొలాలు కోసుకుపోయినప్పుడు ఈజిప్టులో శిస్తు కోసం భూమిని మళ్లీ కొలిచేవారని, ఈ విద్య అలా పుట్టి గ్రీసుకు వచ్చి ఉంటుందని హెరొడోటస్ రాశాడు. మన ఊళ్లో సర్వేయర్ చేసే పనే.

ట్రిగనామెట్రీ: ‘ట్రై’ మూడు, ‘గోనియా’ కోణం, ‘మెట్రాన్’ కొలత. మూడు కోణాల ఆకారాన్ని కొలవడం. ముక్కలు గ్రీకువే అయినా పేరును తయారుచేసింది జర్మన్ గణితజ్ఞుడు పిటిస్కస్, 1595లో వేసిన తన పుస్తకానికి.

కాల్క్యులస్: లాటిన్‌లో చిన్న గులకరాయి. రోమన్లు పలక మీద గులకరాళ్లు జరుపుతూ లెక్కపెట్టేవారు. ‘కాల్క్యులేటర్’ అందులోంచి వచ్చిందే. కిడ్నీలో రాయి ఉంటే స్కానింగ్ రిపోర్టులో ‘కాల్క్యులస్’ అని రాసేది కూడా ఈ మాటే.

సైన్: ఇది మన నేల నుంచి వెళ్లి పేరు మార్చుకుని తిరిగొచ్చిన మాట. ఆర్యభటుడి కాలం నుంచీ మనవాళ్లు దీన్ని ‘జ్యా’ అన్నారు, అంటే వింటినారి. దీనికే ‘జీవా’ అనే పేరూ ఉంది. అరబ్బులు ఆ మాటను తీసుకుని అచ్చులు లేకుండా రాసుకున్నారు. తర్వాత అది ‘జైబ్’ అని చదవబడింది. అరబీలో జైబ్ అంటే బట్ట మడత. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవాళ్లు మడత అనే అర్థంతోనే ‘సైనస్’ అని రాశారు. అదే సైన్ అయింది. ముక్కు పక్కన నొప్పి పెట్టే సైనస్ అదే మాట. ఇక ఆ అరబీ జైబ్ పారశీకం, ఉర్దూల మీదుగా మన తెలుగులోకీ వచ్చింది. మీ చొక్కాకు ఉన్న ‘జేబు’ అదే.

ఈ నెల ఇంట్లో

మొదటిది, ‘రాదు’ అనే మాటను పిల్లల ముందు మానేద్దాం. ‘ఇంకా నేర్చుకోలేదు’ అందాం. సబ్జెక్టు పేరుకు అర్థం అదే కాబట్టి ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు.

రెండోది, రోజుకు ఒక్క లెక్క గురించి “ఇది ఎలా వచ్చిందో నాకు చెప్పు” అని అడగండి. జవాబు మీకు తెలియాల్సిన అవసరం లేదు. నిజానికి తెలియకపోతేనే మేలు, పిల్లలు ఇష్టంగా చెబుతారు.

మూడోది, తప్పు చెబితే వెంటనే సరిదిద్దకండి. “ఏదీ, వేసి చూద్దాం” అనండి. ఫోన్ పక్కన పెట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. మీరు ఆఫీసు నుంచో షాపు నుంచో అలసిపోయి వస్తారని తెలుసు. అందుకే ఒక్క లెక్క చాలు అంటున్నాను.

చివరిగా ఆ బాబు సంగతి. లేబుల్ మార్చాడు, మధ్యలో ‘ఈ’ అక్షరాన్ని ఎర్ర స్కెచ్‌తో రాశాడు. తర్వాతి యూనిట్ టెస్టులో మార్కులు పెద్దగా పెరగలేదు, మూడు మార్కులు పెరిగాయి. అయితే మా మ్యాథ్స్ సార్ ఆ పేపర్ తెచ్చి నాకు చూపించారు. ఒక లెక్క కింద వాడు చదరం గీసి, నాలుగు ముక్కలు చేసి, పక్కన ‘బికాజ్’ అని రాశాడు. టైమ్ అయిపోయినట్టుంది, ఆ తర్వాత ఏమీ లేదు. సార్ ఆ ‘బికాజ్’కు ఒక మార్కు వేశారు.

పోయిన వారం వాడి డైరీలో వాళ్లమ్మ రాసిన రెండు వాక్యాలు ఇవి: “టీచర్ గారూ, కాగితం మడత ఇద్దరం కలిసి చేశాం. వాడికన్నా ముందు నాకే అర్థమైంది.”

నేను కింద ఒక్క మాట రాసి సంతకం పెట్టాను: ‘ఆప్సిమ్యాథ్’. అర్థం ఏమిటో వాడినే అడగమన్నాను.